ప్రత్యర్థి బ్యాక్స్ వరుసను చీలుస్తున్నారా? రగ్బీ డిఫెన్స్‌లో సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

రగ్బీ యూనియన్ జట్టులోని పదిహేను మందిలో 9 నుంచి 15 వరకు సంఖ్యలు ధరించే ఏడుగురిని బ్యాక్స్ అంటారు: బంతిని బయటికి తీసే స్క్రమ్ హాఫ్, దాడిని నడిపే ఫ్లై హాఫ్, మధ్యలో ఇద్దరు సెంటర్లు, రెండు అంచుల్లో ఇద్దరు వింగర్లు, అందరికంటే వెనక ఫుల్‌బ్యాక్. స్క్రమ్‌లోనూ (రెండు గుంపులు భుజాలు కలిపి తోసుకోవడం) లైనౌట్‌లోనూ (పక్క గీత దాటిన బంతిని తిరిగి లోపలికి విసరడం) ఫార్వర్డ్స్, అంటే మిగిలిన ఎనిమిది మంది, బంతిని సంపాదిస్తే, దానిని ఖాళీ స్థలంలోకి తీసుకుపోయే బాధ్యత ప్రధానంగా వీరిది. వీరు ప్రమాదకరం కావడానికి వేగమే కారణమని చాలామంది అనుకుంటారు. అందుకే తరచుగా ట్రైలు (గోల్ గీత అవతల బంతిని నేలకు తాకించి సాధించే స్కోరు) సమర్పించుకునే జట్టు తన ఆటగాళ్లను సాధనలో మరింత పరిగెత్తించి సరిపెట్టుకుంటుంది. వేగం అవసరమే గాని, మంచి బ్యాక్స్ వరుస చేసే అసలు పని వేరు. బంతి తమ చేతికి రాకముందే ఎదుటివారి పాదాలను ఆపడం, నడుమును తప్పు దిక్కుకు తిప్పించడం వారి విద్య. ఎవరిని పట్టాలో తేల్చుకోలేని డిఫెండర్ ఎంత వేగవంతుడైనా ఆ క్షణానికి నిలబడిపోయిన మనిషే.

కాబట్టి లోపం బయటపడే చోటు, అది పుట్టే చోటు సాధారణంగా ఒకటి కావు. టచ్‌లైన్ (మైదానం పక్క గీత) దగ్గర పడిన ట్రైకి మూలం తరచుగా మైదానం మధ్యలో, రెండు పాస్‌ల ముందో రెండు రక్‌ల (నేల మీది బంతి కోసం ఇరుజట్ల వాళ్లు నిలబడి తోసుకునే గుంపు) ముందో ఉంటుంది. మ్యాచ్ వీడియో అందుబాటులో ఉంటే, ట్రై పడిన క్షణం నుంచి వెనక్కి వెళ్లి, రక్ నుంచి బంతి బయటికి వచ్చిన చోట ఆపి, దానికి రెండు పక్కలా నిలబడిన మన వాళ్లను, ఎదుటి వాళ్లను లెక్కపెట్టడం మొదటి పని. ఆ లెక్క సరిగా ఉండి కూడా ట్రై పడితే వరుస కదలికను అనుమానించాలి. అది కూడా సవ్యంగా ఉంటే అప్పుడు మాత్రమే ఒక్కొక్కరి టాకిల్‌ను (బంతి ఉన్నవాడిని పట్టి పడేయడం) పరిశీలించాలి. చాలా జట్లు ఈ క్రమాన్ని తలకిందులు చేసి, ఆఖరున కనిపించిన ఆటగాడిని ముందుగా నిందిస్తాయి.

లక్షణం: వింగర్‌ను ఎవరూ తాకకుండానే మూలలో ట్రై పడుతోంది

ఈ ఫిర్యాదులో నింద దాదాపు ఎప్పుడూ మన వింగర్ మీదనే పడుతుంది. అతడు లోపలికి వచ్చి ప్రత్యర్థి సెంటర్‌ను ఆపితే బయట ఉన్నవాడు ఖాళీ. బయటే ఉండిపోతే సెంటర్‌కు దారి తెరిచినట్టే. ఇద్దరికి ఒక్కడు మిగిలిన తరువాత అతడు ఏం చేసినా తప్పుగానే కనిపిస్తుంది గనుక, అడగవలసిన ప్రశ్న ఆ రెండో మనిషి ఎక్కడ ఉండిపోయాడన్నది.

మైదానం వెడల్పు గరిష్ఠంగా 70 మీటర్లు. డిఫెన్స్ జట్టులో ఇద్దరో ముగ్గురో కిక్ కోసం వెనక ఉంటారు. టాకిల్ చేసి నేల మీద ఉన్నవాడు, అతడికి తోడుగా రక్‌లో ఉన్నవాడు లెక్కలోకి రారు. ఇక వరుసలో నిలిచేది పది పదకొండు మంది, అంటే ఒక్కొక్కరి వంతుకు ఆరేడు మీటర్లు. ఇందులో ఒక్క మనిషి రక్‌కు తప్పు పక్కన నిలబడిపోయినా, ఆ లోటు చేతులు మారుతూ చివరకు టచ్‌లైన్ దగ్గర తేలుతుంది. అసలు కారణం ఎక్కువసార్లు ఇదే: టాకిల్ జరిగిన పక్కన అవసరానికి మించి నలుగురైదుగురు గుమిగూడి ఉండగా, ప్రత్యర్థి స్క్రమ్ హాఫ్ మూడు సెకన్ల లోపే బంతిని రెండో పక్కకు పంపేస్తాడు. ఫ్రాన్స్ స్క్రమ్ హాఫ్ ఆంత్వాన్ డ్యుపాంట్ వంటి ఆటగాడు ఎదురైతే ఈ జబ్బు మరింత ముదురుతుంది, ఎందుకంటే అతడు స్వయంగా బంతి పట్టుకుని పరిగెత్తగలడన్న భయంతో రక్ పక్కనున్న డిఫెండర్లు అక్కడి నుంచి కదలలేరు.

పరిష్కారం రక్ దగ్గర మొదలుపెట్టాలి. గెలిచే అవకాశం లేని రక్‌లోకి రెండో మనిషి, మూడో మనిషి దూరకూడదు. దూరిన ప్రతివాడూ వరుసలో ఒక ఖాళీ. టాకిల్ చేసినవాడు నియమం ప్రకారం వెంటనే వదిలి లేవాలి, మొదట చేరుకున్నవాడు నిలబడే బంతి మీద పోటీపడి ప్రత్యర్థికి ఒకటి రెండు సెకన్ల ఆలస్యం కలిగించాలి. ఆ వ్యవధిలో మిగిలినవారు రక్ వెనక నుంచి చుట్టి రెండో పక్కకు చేరుకోవాలి. చేరుకున్నవాడు రక్‌ను ఆనుకుని ఆగిపోకుండా, అక్కడ ముందే ఉన్నవారిని నోటితో బయటికి జరిపి తన స్థానం తీసుకోవాలి. ఈ నోటి పని చాలా జట్లలో లేదు. అలసిన ఫార్వర్డ్ రక్ పక్కన నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడితే, దాని ఫలితం నలభై మీటర్ల అవతల వింగర్ ఖాతాలో జమ అవుతుంది.

ఇంత చేసినా మనుషులు తక్కువ పడితే, వరుస మొత్తం లోపలి నుంచి బయటికి ఏటవాలుగా జరిగే డ్రిఫ్ట్ పద్ధతే దిక్కు. ప్రతి డిఫెండర్ తన ఎదుటి ఆటగాడి లోపలి భుజం వైపు నిలిచి, బంతి దాటిపోగానే తదుపరి వాడి మీదికి జరుగుతూ, దాడిని టచ్‌లైన్ వైపు నెట్టుకుపోవాలి. దీనివల్ల కొన్ని మీటర్లు పోతాయి, ట్రై పోదు. మన గోల్ గీత దగ్గర ఐదు మీటర్లలో ఉన్నప్పుడు మాత్రం పోగొట్టుకోవడానికి మీటర్లు ఉండవు గనుక డ్రిఫ్ట్ పనికిరాదు.

లక్షణం: సెంటర్ల దగ్గర వరుస నిట్టనిలువునా చీలుతోంది

ఇది అన్నిటికంటే లోతైన సమస్య. స్క్రమ్ జరిగేటప్పుడు రెండు జట్ల బ్యాక్స్ స్క్రమ్ చివరి పాదానికి 5 మీటర్లు వెనక, లైనౌట్ జరిగేటప్పుడు దాని గీతకు 10 మీటర్లు వెనక ఉండాలి. అంటే లైనౌట్‌లో రెండు వరుసల మధ్య 20 మీటర్ల ఖాళీ ఉంటుంది, ఫార్వర్డ్స్‌లో ఎక్కువమంది ఒక మూలన ఉండిపోతారు. పథకం వేసుకున్న బ్యాక్స్‌కు ఇంతకంటే అనువైన సమయం దొరకదు. ఒక సెంటర్ వరుసకు దగ్గరగా, బంతి తనకే వస్తున్నట్టు దూసుకువస్తాడు. అతడి వీపు వెనక మరొకడు లోతుగా, కాస్త ఆలస్యంగా వస్తాడు. ఎదురు పక్క వింగర్ ఎవరూ లెక్కపెట్టని చోట నుంచి వచ్చి మధ్యలో దూరతాడు. ఫ్లై హాఫ్ చేతి కదలిక మూడు సందర్భాల్లోనూ ఒకేలా ఉంటుంది. బంతి ముందువాడికి పోకపోయినా, ఆ ముందువాడి కోసం ఆగిన డిఫెండర్ అప్పటికే ఓడిపోయాడు.

2015 ప్రపంచ కప్‌లో, సెప్టెంబర్ 19న బ్రైటన్‌లో, జపాన్ 34-32 తేడాతో దక్షిణాఫ్రికాను ఓడించిన మ్యాచ్‌లో ఫుల్‌బ్యాక్ అయుము గోరోమారు చేసిన ట్రై ఇందుకు చక్కని పాఠం. లైనౌట్ నుంచి మొదలైన ఒకే ఎత్తుగడలో వింగర్ కోతారో మత్సుషిమా లోపలికి వచ్చి బంతి అందుకుని గోరోమారుకు అందించాడు. దేహబలంలో తమకంటే ఎంతో పైచేయిగా ఉన్న డిఫెండర్లను జపాన్ ఆటగాళ్లు గుద్దుకోలేదు. వారి చూపును ఒక పక్కకు లాగి రెండో పక్క నుంచి దాటారు.

కారణాలు రెండు రకాలు. మొదటిది, వరుస ఒకే గీతలో కదలకపోవడం. ఒక్కడు ఉత్సాహంగా మూడు మీటర్లు ముందుకు దూకితే, అతడికి, పక్కవాడికి మధ్య ఏటవాలు సందు తెరుచుకుంటుంది. మంచి ఫ్లై హాఫ్ వెతికేది ఆ సందునే. 2018 ఫిబ్రవరి 24న ఎడిన్‌బరోలోని మర్రేఫీల్డ్‌లో ఇంగ్లండ్ సెంటర్ జొనాథన్ జోసెఫ్ ఇలాగే దూసుకువచ్చాడు. స్కాట్లండ్ ఫ్లై హాఫ్ ఫిన్ రసెల్ అతడి చేతులకు అందనంత ఎత్తులో పొడుగాటి పాస్ వేయగా, అది అందుకున్న హ్యూ జోన్స్ ఖాళీలోకి పరుగు తీశాడు. ఆ దాడి షాన్ మెయిట్‌లాండ్ ట్రైతో ముగిసింది. మ్యాచ్ స్కాట్లండ్ 25-13తో గెలిచింది. జోసెఫ్ ఆ పాస్‌ను అందుకుని ఉంటే అటునుంచి ఇంగ్లండ్‌కే ట్రై దక్కేదేమో. దూకుడు డిఫెన్స్‌లో లాభనష్టాలు అంత దగ్గరగా ఉంటాయి.

రెండో కారణం, ఇద్దరు డిఫెండర్లు ఒక్కడినే పట్టడం. ముందుకొచ్చిన డమ్మీ రన్నర్‌ను (బంతి తనకే వస్తున్నట్టు నటించేవాడిని) ఇద్దరూ తమవాడే అనుకుంటారు. వెనకవాడు ఎవరికీ చెందకుండా పోతాడు. ఐర్లండ్ ఫ్లై హాఫ్ జానీ సెక్స్టన్ ఏళ్ల తరబడి వాడిన లూప్ ఎత్తుగడ ఈ బలహీనత మీదే నడిచేది. పాస్ ఇచ్చి, ఆ అందుకున్నవాడి వెనక నుంచి చుట్టి వచ్చి, మళ్లీ బంతి తీసుకునేవాడు. పాస్ ఇచ్చినవాడి పని అయిపోయిందని భావించి చూపు మరల్చిన డిఫెండర్ వల్ల, ఒకే ఆటగాడు రెండుసార్లు లెక్కలోకి వచ్చి అదనపు మనిషి అయ్యేవాడు.

పరిష్కారంలో మొదటిది, ఎవరు ఎవరిని తీసుకోవాలన్న నియమం మ్యాచ్‌కు ముందే తేలి ఉండటం. ముందు వచ్చే రన్నర్‌ను అతడికి లోపలి పక్కనున్న డిఫెండర్ మాత్రమే తీసుకోవాలి. బయటి డిఫెండర్ తన చూపును వెనక లోతుగా వస్తున్నవాడి మీదే నిలపాలి. ఎంచుకున్నవాడిని వేలితో చూపి, గట్టిగా చెప్పాలి. రెండోది, వరుస ముందుకు కదిలే వేగాన్ని అందరిలో నెమ్మదైనవాడిని బట్టి నిర్ణయించడం. వేగంగా విడివిడిగా వెళ్లే వరుస కంటే మధ్యస్థ వేగంతో కలిసి వెళ్లేది ఎంతో మెరుగు. మూడోది, పాస్ ఇచ్చినవాడిని కనీసం మరో రెండు అడుగుల దాకా వదలకపోవడం. డమ్మీ రన్నర్ డిఫెండర్ దారికి అడ్డుపడితే అది అబ్‌స్ట్రక్షన్ (దారి అడ్డుకునే తప్పు) అవుతుంది గాని, అడ్డం వచ్చినవాడిని మనమే వెతుక్కుంటూ వెళ్లి తగిలి రిఫరీ వైపు చేతులెత్తితే లాభం ఉండదు.

2019 ప్రపంచ కప్ నాటి దక్షిణాఫ్రికా డిఫెన్స్‌ను అనుకరించాలన్న ఉబలాటం ఇక్కడే పుడుతుంది. జాక్ నీనాబర్ తీర్చిదిద్దిన ఆ పద్ధతిలో వింగర్లు టచ్‌లైన్‌ను వదిలి బయటి నుంచి లోపలికి దూసుకువచ్చి పాస్ దారినే మూసేస్తారు. చూడటానికి అద్భుతంగా ఉంటుంది. అయితే బంతి తలమీదుగా దాటిపోయిన ప్రతిసారీ వెనక్కి తిరిగి మైదానం అడ్డంగా పరిగెత్తి రక్షించే ఆటగాళ్లు ఉన్నప్పుడే అది నిలుస్తుంది. వారానికి రెండు రోజులు సాధన చేసే క్లబ్ జట్టు దానిని ఎత్తుకోవడం తగదని నా అభిప్రాయం.

లక్షణం: వరుస సరిగానే ఉంది, ఒక్కరికి ఒక్కరు ఎదురైనప్పుడు టాకిల్ తప్పుతోంది

ఇందులో రెండు భిన్నమైన సందర్భాలున్నాయి, రెండింటికీ ఒకే మందు వేస్తే పనిచేయదు.

మొదటిది పాదం మార్చి తప్పించుకునేవాడు. 2019 నవంబర్ 2న యోకొహామాలో జరిగిన ప్రపంచ కప్ ఫైనల్లో దక్షిణాఫ్రికా వింగర్ చెస్లిన్ కోల్బే టచ్‌లైన్ పక్కన బంతి అందుకుని, ఇంగ్లండ్ కెప్టెన్ ఓవెన్ ఫారెల్‌ను ఒక్క అడుగు మార్పుతో దాటి ట్రై చేశాడు. ఇలాంటివారి ఎదుట పాదాలు నేలకు అతికించి, ఛాతీ నేరుగా పెట్టి నిలబడితే రెండు దారులూ వారివే. కబడ్డీలో రైడర్ మన దగ్గరకు రాక తప్పదు గనుక కాచుకుని ఉండటం తెలివైన పని. రగ్బీలో బంతి ఉన్నవాడు మనల్ని ముట్టుకోకుండానే పోగలడు గనుక అదే అలవాటు దెబ్బతీస్తుంది. డిఫెండర్ మొదట వేగంగా ముందుకెళ్లి దూరం తగ్గించాలి, ఆఖరి రెండు మూడు మీటర్లలో అడుగులు చిన్నవి చేయాలి, ఎదుటివాడి లోపలి భుజం వైపు నిలిచి అతడికి బయటి దారి ఒక్కటే మిగల్చాలి. కళ్లు ముఖం మీదో బంతి మీదో కాక నడుము మీద ఉండాలి, ఎందుకంటే భుజాలు, కళ్లు అబద్ధం చెప్పగలవు, నడుము చెప్పలేదు.

రెండోది బరువుతో తొక్కుకుపోయేవాడు. 1995 జూన్ 18న కేప్ టౌన్‌లో జరిగిన ప్రపంచ కప్ సెమీఫైనల్లో న్యూజిలాండ్ వింగర్ జోనా లోము ఇంగ్లండ్ మీద నాలుగు ట్రైలు చేశాడు. న్యూజిలాండ్ 45-29తో గెలిచింది. మొదటి ట్రైలో ఆఖరి అడ్డుగా నిలిచిన ఫుల్‌బ్యాక్ మైక్ క్యాట్ మీదుగానే అతడు నడిచిపోయినంత పని చేశాడు. అయితే ఆరు రోజుల తరువాత, జూన్ 24న జొహానెస్‌బర్గ్ ఫైనల్లో అదే లోము ఒక్క ట్రై కూడా చేయలేకపోయాడు. దక్షిణాఫ్రికా అదనపు సమయంలో 15-12తో కప్ గెలిచింది. అతడు వేగం పుంజుకోకముందే అందుకోవడం, తమ వింగర్ అతడి ఎదుట ఒంటరిగా మిగలకుండా లోపలి నుంచి మరొకరు చేరుకోవడం ఆ డిఫెన్స్ సారాంశం. స్క్రమ్ హాఫ్ యూస్ట్ వాన్ డెర్ వెస్ట్‌హాయిజన్ చేసిన టాకిల్ ఇప్పటికీ గుర్తుచేసుకుంటారు. పరుగులో ఉన్న భారీ ఆటగాడిని నిలబడి పైభాగంలో పట్టబోతే అతడి చేయి మన ఛాతీని నెట్టేస్తుంది, మన పట్టు భుజాల పైకి జారితే పెనాల్టీ, ఒక్కోసారి కార్డు కూడా. తొడల దగ్గర భుజం తగిలించి, తల అతడి వెనక భాగం వైపు ఉంచి, రెండు చేతులూ బిగించాలి. తల ముందుకు పెడితే ప్రమాదం టాకిల్ చేసేవాడికే గనుక ఈ భాగాన్ని శిక్షకుడి ఎదుట, నెమ్మదిగా నడుస్తున్న జోడీతో మొదలుపెట్టి నేర్చుకోవాలి.

లక్షణం: వరుసను దాటకుండానే బంతి మన వెనక పడుతోంది

యోకొహామా ఫైనల్లో కోల్బే కంటే ముందు దక్షిణాఫ్రికా రెండో వింగర్ మకజోలే మపింపి చేసిన ట్రై చూడండి. ఎడమ టచ్‌లైన్ దగ్గర అతడు బంతిని డిఫెండర్ల తలమీదుగా చిన్నగా తన్నాడు. సెంటర్ లుఖన్యో ఆమ్ దానిని అందుకుని తిరిగి అతడికే ఇచ్చాడు. ముందుకు ఉరికివస్తున్న వరుసకు వెనక్కి తిరగడానికి పట్టే సమయమే ఈ కిక్‌కు ఆధారం. దూకుడు డిఫెన్స్ అలవాటైన జట్టు మీద బ్యాక్స్ ఎక్కువగా ఎంచుకునే ఆయుధం ఇదే.

2021లో ప్రయోగాత్మకంగా వచ్చి తరువాత స్థిరపడిన 50:22 నియమం ఈ సమస్యను పెంచింది. తన సగంలో నుంచి తన్నిన బంతి మైదానంలో ఒకసారి పడి, ప్రత్యర్థి 22 మీటర్ల ప్రాంతంలో టచ్ దాటితే, లైనౌట్ త్రో తన్నిన జట్టుకే దక్కుతుంది. డిఫెన్స్ జట్టు రెండు మూలలనూ కాపాడుకోవాలంటే వెనక ఇద్దరిని ఉంచక తప్పదు. అలా ఉంచితే ముందు వరుసలో ఒక మనిషి తగ్గి, మొదట చెప్పిన లోటు తిరిగి తలెత్తుతుంది.

వింగర్లు, ఫుల్‌బ్యాక్ ఒకే తాడుకు కట్టినట్టు కదలడం దీనికి విరుగుడు. బంతి కుడి పక్కకు వెళ్తే కుడి వింగర్ ముందుకు వచ్చి వరుసలో చేరాలి, ఫుల్‌బ్యాక్ అతడి వెనక ఖాళీకి జరగాలి, ఎడమ వింగర్ వెనక్కి తగ్గి మధ్య వెనక భాగాన్ని కాయాలి. బంతి తిరిగివస్తే ఇదంతా అటునుంచి ఇటు. వరుస వెనక పది మీటర్లలోపు పడే చిన్న కిక్‌ల కోసం స్క్రమ్ హాఫ్ వెనకే తచ్చాడుతూ ఉండాలి. ఈ కదలికను ప్రత్యర్థి లేకుండా, శిక్షకుడు బంతి చూపిన దిక్కును బట్టి, మ్యాచ్ అలసటలో కూడా తప్పనంత వరకు సాధన చేయించవచ్చు.

లక్షణం: టాకిల్ అయ్యాక కూడా బంతి ఆగడం లేదు

కింద పడుతూ పక్కవాడికి అందించే ఆఫ్‌లోడ్‌లో ఫిజీ ఆటగాళ్లు ఆరితేరినవారు. 2016 రియో, 2020 టోక్యో ఒలింపిక్స్‌లలో పురుషుల సెవెన్స్ (జట్టుకు ఏడుగురు ఆడే రగ్బీ) స్వర్ణాలు వారివే. అందరూ కాళ్లనే పట్టడం వల్ల ఎదుటివాడి చేతులు స్వేచ్ఛగా ఉండటం కారణం. ఒకరు కింద, ఒకరు బంతి చుట్టూ చేతులు వేసి పట్టాలి. ఇద్దరు చేరుకునే అవకాశం లేకపోతే, లోపలి పక్కనున్నవాడు టాకిల్‌ను చూస్తూ నిలబడకుండా, ఆఫ్‌లోడ్ అందుకోబోయేవాడి మీదికి వెళ్లాలి.

లక్షణం: మన దాడిలో బంతి జారిన మరుక్షణమే ట్రై పడుతోంది

2024 ఫిబ్రవరి 24న మర్రేఫీల్డ్‌లో స్కాట్లండ్ 30-21తో ఇంగ్లండ్‌ను ఓడించినప్పుడు ఎడమ వింగర్ డుహాన్ వాన్ డెర్ మెర్వే మూడు ట్రైలు చేశాడు. మూడూ మూడు దారులు: ఒకటి మధ్యలో చీలిన వరుస నుంచి, ఒకటి ఇంగ్లండ్ జారవిడిచిన బంతి నుంచి, ఒకటి రసెల్ మైదానం అడ్డంగా తన్నిన కిక్ నుంచి. రెండోది ఈ జాతికి చెందినది. దాడిలో ఉన్న జట్టు లోతుగా, వెడల్పుగా, పాస్ అందుకునే తీరులో పరుచుకుని ఉంటుంది. బంతి పోగానే ఆ పరుపులో ఒక్కో మనిషికీ మధ్య ఉన్న దూరం వింగర్‌కు రహదారి అవుతుంది.

ఇక్కడ వరుస కట్టడానికి సమయం లేదు. బంతికి దగ్గరగా ఉన్నవాడు వెనకాడకుండా ముందుకెళ్లి మొదటి పాస్‌ను ఆలస్యం చేయాలి, మిగిలినవారు తమ ఎదుటివాడిని వెతుక్కోకుండా నేరుగా తమ గోల్ స్తంభాల దిక్కుకు పరిగెత్తి మధ్యను మూయాలి. దాడి చేస్తున్నప్పుడే ఒక ఆటగాడిని, సాధారణంగా ఫుల్‌బ్యాక్‌నో రెండో పక్క వింగర్‌నో, వెనక ఉంచడం ముందుజాగ్రత్త.

సెవెన్స్ ఆడుతుంటే

భారతదేశంలో చాలామంది మొదట చూసేదీ ఆడేదీ సెవెన్స్ రూపమే. 2025లో ముంబైలో జరిగిన తొలి రగ్బీ ప్రీమియర్ లీగ్ కూడా ఈ పద్ధతిలోనే నడిచింది, అందులో హైదరాబాద్ హీరోస్ జట్టూ ఉంది. అదే మైదానంలో ఏడుగురే ఉంటారు గనుక పైన చెప్పిన మందులన్నీ ఇక్కడ అదే మోతాదులో పనిచేయవు. ఒకడిని కిక్‌ల కోసం వెనక ఉంచితే 70 మీటర్ల వెడల్పుకు ఆరుగురే మిగులుతారు. కాబట్టి దూకుడు వరుస కంటే డ్రిఫ్ట్ ఎక్కువసార్లు సరైనది, రక్‌లోకి రెండో మనిషిని పంపడం దాదాపు ఎప్పుడూ నష్టమే. వెనకున్న ఆ ఒక్కడు బంతికి సూటిగా కాక, బంతి కంటే ఒక ఆటగాడి దూరం బయటికి జరిగి నిలిస్తే, చిన్న కిక్‌కూ అందుతాడు, టచ్‌లైన్ వెంట తప్పించుకుపోయేవాడికీ ఎదురుపడతాడు.